నంబరు లేని చొక్కాలు

నందిగామ,
నవంబరు 18, సోమవారం.

నాన్నగారికి,

నమస్కారాలు. నిన్న గ్రౌండు దగ్గర మీరు కారెక్కి వెళ్ళిపోయాక నాలుగుసార్లు ఫోన్ చేశాను. మీరు ఎత్తలేదు. ఎత్తినా లాభం లేదని నాకూ తెలుసు. ఫోన్లో నేను చెప్పేది మీకు వినపడదు, మీరు చెప్పేది నాకు అర్థమయ్యేలోపే పెట్టేస్తారు. చెవికి మిషను పెట్టించుకోమంటే, చెవి బాగానే ఉంది, ఈ కాలం మనుషులే గొణుగుతున్నారంటారు. అందుకే పెళ్ళయి నందిగామ వచ్చిన ఈ పద్నాలుగేళ్ళుగా చేస్తున్న పనే ఇప్పుడూ చేస్తున్నాను. మన కొట్టు నుంచి పప్పులు, బెల్లం ఇక్కడి షాపులకు దింపడానికి వచ్చే రత్నబాబు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. సాయంత్రానికల్లా జగ్గయ్యపేటలో మీ చేతిలో ఉంటుంది.

మీరు కోపంలో సగమే చూశారు. అందుకని మొదటి నుంచీ రాస్తాను, విసుక్కోకుండా చదవండి.

అమ్మ పోయి రెండేళ్ళవుతోంది. ఆమె పేరున సత్రంలో ఒక గది కట్టిద్దామని మీరనుకున్నారు. అడ్డుపడింది నేనే. ఆ సత్రంలో ఏ బల్ల చూసినా, ఏ ఫ్యాను రెక్క చూసినా ఎవరో ఒకరి జ్ఞాపకార్థం అని రాసి ఉంటుంది. తిరిగే ఫ్యాను మీద పేరు ఎవరు చదువుతారే అని అమ్మే నవ్వేది. అందుకే ఆ డబ్బుతో ఈ ఆడపిల్లల ఫుట్‌బాల్ టీమును ఒక ఏడాది నడపమని అడిగాను.

ఆ పిల్లలు నాకు ఎలా తెలుసో మీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. నా జెరాక్సు షాపు గ్రౌండుకు ఎదురుగానే కదా. ఒకరోజు గవర్నమెంటు స్కూలు పీఈటీ హరిచరణ్ గారు పదహారు ఆధార్ కార్డులు తెచ్చి కాపీలు తీయమన్నారు. గరికపాడు, చెవిటికల్లు, చందర్లపాడు కాలనీ. దాబాల్లో గిన్నెలు కడిగేవాళ్ళ పిల్లలు, లంకల్లో కూలికి వెళ్ళేవాళ్ళ పిల్లలు. ఏ టీము జాబితాలోనూ ఇంతవరకు పేరు ఎక్కని పిల్లలు. ఆయన సొంత జీతంలోంచి వాళ్ళకు బస్సు చార్జీలు ఇస్తున్నారు. సగం మందికి బూట్లు లేవు. కాపీలకు డబ్బులు తీసుకోబుద్ధి కాలేదు.

మీరు ఒప్పుకున్నారు. బూట్లు, బస్సు చార్జీలు, ప్రాక్టీసయ్యాక తిండి, అన్నీ ఇస్తామన్నారు. గుడ్లకు మాత్రం నా డబ్బు వాడొద్దు, శెనగలూ అరటిపళ్ళూ పెట్టుకోండి అన్నారు. అమ్మ ఫొటో, పేరు చొక్కాల మీద ఉండాలన్నారు. అందులో తప్పేముంది? ఇచ్చినవాళ్ళ పేరు వేయించుకోవడం మన వాళ్ళలో ఉన్నదే.

నిన్న జరిగింది కూడా మీరు అనుకున్నంత పెద్దది కాదు. చొక్కాలకు వెనక నంబర్లు లేవని, నంబరు లేకపోతే ఆడనివ్వనని రిఫరీ అన్నాడు. పావుగంట టైమిచ్చాడు. హరిచరణ్ గారు సాయిప్రసాద్ మందుల షాపు నుంచి తెల్ల ప్లాస్టరు తెచ్చారు. వీపు మీద అంతా అమ్మ ఫొటోనే కాబట్టి ఆ పిల్ల, కెప్టెన్ ఆమని, ఫొటో మీదే అంటించబోయింది. మీరు లేచి అరిచారు. చిన్నపిల్ల, తొందరపడింది. పదహారేళ్ళు కూడా నిండలేదు. దాని తరఫున నేను క్షమాపణ అడుగుతున్నాను. దాని మీద కోపంతో మిగతా పిల్లల్ని వదిలేయకండి. వచ్చే నెల పద్నాలుగున ఇంకో టోర్నమెంటు ఉంది, పేర్లు ఈ నెల ఇరవై ఐదులోగా ఇవ్వాలి. అది పోతే జనవరి నుంచి మిరపకోతలు. వాళ్ళ ఇళ్ళల్లో కోతలకు పంపుతారు గానీ ఆటకు పంపరు. ఒకసారి మానేసిన పిల్ల మళ్ళీ రాదని హరిచరణ్ గారంటారు.

రాత్రి మాత్రలు మర్చిపోకండి.

మీ
ఉషశ్రీ


జగ్గయ్యపేట,
నవంబరు 20.

ఉషమ్మకు నాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రత్నబాబు దాన్ని బెల్లం దిమ్మల మధ్య పెట్టి తెచ్చాడు, ఒక మూల జిగటగా ఉంది. ఈసారి జేబులో పెట్టుకోమని చెప్పు.

నేను ఎక్కువ రాయను. మీ అమ్మ మొహం మీద ప్లాస్టరు అంటిస్తారా? అదీ నేను చూస్తుండగా. నేను వద్దంటే ఆ పిల్ల ఏమన్నదో నువ్వు రాయలేదు. నా చెవి మరీ అంత పాడవలేదు. "అయితే తిరగేసి తొడుక్కుంటం సార్" అన్నది. అంటే నా భార్యను లోపలి పక్కకు తిప్పేస్తుంది. అక్కడ చెట్టు కింద నిలబడిన కుర్రాళ్ళు నవ్వారు. కీర్తిశేషుల టీము వచ్చిందిరా అన్నారు. అదీ విన్నాను.

సత్రం కమిటీ వెంకటరత్నం గారు నిన్న కొట్టుకు వచ్చారు. గది సంగతి ఏం చేశారు, మేస్త్రీతో మాట్లాడమంటారా అని అడిగారు. ఆలోచించి చెబుతానన్నాను.

నేను మాట ఇచ్చి వెనక్కి పోయే మనిషిని కాదు. కాని ఆ పిల్ల ఇక్కడకు వచ్చి, మీ అమ్మ ఫొటో ముందు నిలబడి తప్పయిందని చెప్పాలి. కెప్టెన్‌గా ఇంకొకరిని పెట్టుకోండి. ఈ రెండూ జరిగితే ఇరవై ఐదులోగా డబ్బు పంపుతాను. లేదా గది కట్టిస్తాను. గదులు ఎదురు మాట్లాడవు.

అల్లుడు సాయిప్రసాద్‌ను అడిగానని చెప్పు.

మీ నాన్న,
చెన్నకేశవరావు


నందిగామ,
నవంబరు 22.

నాన్నగారూ,

ఈ ఉత్తరం రాయడానికి రెండు రోజులు పట్టింది. మొదటి ఉత్తరం ఎంత చక్కగా రాశానో ఇందాక తలుచుకుంటే సిగ్గేసింది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. కాని నిజం దాచడానికి అబద్ధం చెప్పనక్కర్లేదని మీ కొట్లో పెరిగినదానికి నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

తొందరపడింది ఆమని కాదు. తప్పు నాది. చొక్కాలు అచ్చు వేసే ముందు ఫ్లెక్సీ షాపు సతీష్‌బాబు నా వాట్సాప్‌కు నమూనా పంపాడు. వెనక వీపంతా అమ్మ ఫొటో, షష్టిపూర్తి నాడు పట్టుచీరలో తీసింది. పైన కీర్తిశేషులు అని, కింద జననం, మరణం తేదీలు, దాని కింద "ఇట్లు కుటుంబ సభ్యులు" అని. సంవత్సరీకానికి మనం కట్టిన ఫ్లెక్సీ ఎలా ఉందో అలాగే ఉంది. నంబరు ఎక్కడా లేదు. ఎనిమిది నెలలుగా షాపులో కూర్చుని ఆ ఆట చూస్తున్నాను, నంబరు లేకపోతే ఆడనివ్వరని నాకు తెలుసు. పిల్లలు నవ్వులపాలవుతారనీ తెలుసు. అయినా "చాలా బాగుంది" అని రాసి ఒక దండం బొమ్మ పెట్టి పంపాను. ఎందుకంటే మీకు చెప్పడానికి భయం. ఫొటో చిన్నది చేద్దాం నాన్నా అంటే ఎక్కడ చిన్నబుచ్చుకుంటారో, ఎక్కడ ఆ డబ్బు గదికి పోతుందోనని భయం. హరిచరణ్ గారికి కూడా చూపించలేదు. రిఫరీ చూసీ చూడనట్టు పోతాడులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఇంకొకటి ఉంది. అది ఇంతకన్నా పెద్దది. ఆమని తిరగేసి తొడుక్కుంటామన్నది మర్యాద లేక కాదు. మీరు బాధపడ్డారని, ఫొటోకు ప్లాస్టరు తగలకుండా ఉండాలని అన్నది. లోపలి పక్క ఖాళీగా ఉంది, అక్కడ నంబరు అంటించుకోవచ్చు. ఎంత తెలివైన మాట! అప్పటికి ఇంకా ఎనిమిది నిమిషాలున్నాయి. ముగ్గురు పిల్లలు అప్పటికే గ్రౌండు పక్క గదిలోకి వెళ్ళి తిరగేసుకుంటున్నారు. నేను వాళ్ళ దగ్గరకు వెళ్ళి ఏమన్నానో మీకు తెలియదు, మీరప్పుడు కారు వైపు నడుస్తున్నారు. "వద్దు. ఎవరూ తిరగేయొద్దు. ముందు నాన్నగారితో మాట్లాడి వస్తా, అప్పటిదాకా అట్లాగే ఉండండి" అని చెప్పి మీ వెనక పరిగెత్తాను. మీరు ఆగలేదు. నేను తిరిగొచ్చేసరికి రిఫరీ ఈల ఊదేశాడు. అవతలి జట్టు బంతిని తన్నకుండానే గెలిచింది. మన పిల్లలు పదహారు మందీ గీత దగ్గర వరసగా నిలబడి ఉన్నారు, నేను చెప్పినట్టే, అట్లాగే.

చెవిటికల్లు నుంచి వచ్చే చిన్నపిల్ల "మళ్ళీ పెట్టరా అక్కా?" అని అడిగింది. ఆ పిల్ల పొద్దున నాలుగింటికి లేచి, ఇంట్లో వంట చేసి పెట్టి వచ్చింది.

ఆ రోజు నుంచి నా చెవిలో నా గొంతే మోగుతోంది. ఆ "వద్దు" నాది కాదు నాన్నగారూ, మీది. తొమ్మిదో తరగతిలో నేను పరుగు పందెంలో స్కూలు మొత్తానికి ఫస్టు వచ్చాను. విజయవాడలో పోటీలకు పంపుతామని, తండ్రి సంతకం కావాలని ఫారం ఇచ్చారు. మీరు లెక్కలు చూసుకుంటూ తల ఎత్తకుండానే, "వద్దు. మన ఇళ్ళల్లో ఆడపిల్లలు నలుగురి ముందూ పరుగులు తీయరు" అన్నారు. అంతే. కొట్టలేదు, తిట్టలేదు. మీరు మర్చిపోయి ఉంటారు. నేను ఆ ఫారాన్ని మడిచి జామెట్రీ బాక్సులో పెట్టుకుని ఏడాదంతా తిప్పాను. ఇన్నేళ్ళకు ఈ పిల్లల్ని చూస్తే నాకు ఎందుకంత ఆరాటమో సాయిప్రసాద్‌కు కూడా చెప్పలేదు. నేను పరిగెత్తలేనిది వాళ్ళు పరిగెత్తాలని. తీరా వాళ్ళు పరిగెత్తబోయే నిమిషంలో నేనే అడ్డం నిలబడ్డాను. మీకు కోపం వస్తుందేమోనని, ముప్పై ఆరేళ్ళ దాన్ని, ఇద్దరు పిల్లల తల్లిని!

అందుకే ఇది నిర్ణయించుకున్నాను. ఆమనిని మీ దగ్గరకు క్షమాపణకు పంపను. పంపమని హరిచరణ్ గారికి చెప్పను కూడా. కెప్టెన్‌ను మార్చము. మీరు ఇచ్చినదానిలో మిగిలింది రత్నబాబు చేత రేపో మాపో పంపేస్తాను. అమ్మ గది కట్టించుకోండి, నేను మళ్ళీ అడగను. షాపు మీద వచ్చేదానితో ఈ డిసెంబరు దాకా లాగుతాను. సాయిప్రసాద్ ముందు "మీ నాన్నతో పెట్టుకోకు" అన్నారు. ఉత్తరం చదివి వినిపించాక బస్సు చార్జీలు నేను చూస్తానన్నారు. జనవరి తరవాత ఏమవుతుందో నాకు తెలియదు.

మీ మీద కోపం లేదు అని రాద్దామనుకున్నాను. ఉంది. కొంచెం ఉంది. రాసేశాను కాబట్టి తగ్గుతుందేమో.

మీ
ఉష


జగ్గయ్యపేట,
నవంబరు 24, ఆదివారం.

ఉషమ్మా,

నువ్వు డబ్బు వెనక్కి పంపలేదు కదా? పంపి ఉంటే రత్నబాబును దారిలోనే ఆపు. ఇది చదివాక నీకు ఎలా తోస్తే అలా చెయ్యి.

నిన్న మధ్యాహ్నం నీ ఉత్తరం వచ్చింది. అంతకు రెండు గంటల ముందు ఆ పిల్ల వచ్చింది. నువ్వు పంపలేదని నీ ఉత్తరం చదివాకే తెలిసింది. నేను మాత్రం క్షమాపణకే వచ్చిందనుకున్నాను. కొట్టు నిండా జనం. గుమాస్తాకు సైగ చేసి, మీ అమ్మ ఫొటో కింద అగరొత్తులు వెలిగించమని కూడా చెప్పాను. ఎందుకు నవ్వుతావు? నేను అంతే.

ఆ పిల్ల ఒక గోనెసంచి తెచ్చి బల్ల మీద పెట్టింది. "షావుకారుగారూ, షర్టులు ఉతికి తెచ్చినమండి. పదహారు ఉన్నయి, చూస్కోండి" అన్నది. తీసి చూశాను. ఇస్త్రీ చేసి ఉన్నాయి. ఫొటో మీద ఇస్త్రీ తగిలితే పాడవుతుందని తిరగేసి చేశారట. ఇంక తప్పయిందని అంటుందని చూస్తున్నాను. అనలేదు. గోడ మీదున్న మీ అమ్మ ఫొటో వంక చూసి, "అమ్మగారు ఏ ప్లేసులో ఆడేదండి?" అని అడిగింది.

నాకు వినపడింది తల్లీ. మొదటిసారే వినపడింది. కాని "ఏంటమ్మా?" అని చెవి దగ్గర చెయ్యి పెట్టాను. మళ్ళీ గట్టిగా అడిగింది. "షర్టు మీద ఎవరి ఫొటో ఉంటే వాళ్ళు పెద్ద ప్లేయరే కదండి. ఏం ఆట ఆడేది? మా టీమోళ్ళు అడగమన్నరు" అన్నది. కొట్లో ఉన్నవాళ్ళందరూ నా వంక తిరిగారు. నేను తల అడ్డంగా ఊపి, వినపడలా, ఇప్పుడు బేరం టైము, తరవాత రా అన్నాను. ఆ పిల్ల ఏం చేసిందో తెలుసా? చీటీల పుస్తకం లాక్కుని, పెన్సిలుతో రాసి నా ముందు పెట్టింది. చదవడం రాదని చెప్పలేను కదా. సరే, చెబుతాలే వెళ్ళు అన్నాను. దండం పెట్టి వెళ్ళిపోయింది.

సాయంత్రం కారు తీయించుకుని చందర్లపాడు వెళ్ళాను. మీ దశరథరామయ్య మావయ్యను అడిగాను, మీ చెల్లెలు చిన్నప్పుడు ఏం ఆడేదయ్యా అని. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఏమో బావా, ఆడపిల్లలు లోపల ఏం ఆడుకునేవాళ్ళో మేమెవరం చూశాం?" అన్నాడు. కాఫీ ఇచ్చారు, తాగి వచ్చాను. ఇంక అడగడానికి ఎవరూ లేరు. మీ అమ్మ వేసుకునే మాత్రల పేర్లు నాకు ఇప్పటికీ నోటికొచ్చు. ఏ చీర ఏ పండక్కి కొన్నానో చెప్పగలను. ఏ ఆట ఆడేదో తెలియదు.

తిరిగి వస్తుంటే దారిలో ఒకటి గుర్తుకొచ్చింది. నీకు ఆరేడేళ్ళుంటాయి. నేను ఏదో మర్చిపోయి మధ్యాహ్నం ఇంటికి వచ్చి మేడ ఎక్కాను. మీ అమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని నీతో తొక్కుడుబిళ్ళ ఆడుతోంది. ఒంటికాలి మీద ఉంది. నన్ను చూసి కాలు దించేసి, ఆరేసిన బట్టలు తీస్తున్నట్టు పక్కకు జరిగింది. నేను కూడా ఏమీ చూడనట్టు కిందికి దిగాను. ఆడుకోవే అని ఉంటే ఏం పోయేది? అప్పుడు అదొక మర్యాద అనుకున్నాను. ఇంటికి వచ్చి నీ ఉత్తరం మళ్ళీ చదివాను. నీ పరుగు పందెం సంగతి నాకు గుర్తు లేదు. ఎంత ఆలోచించినా రాలేదు. నువ్వు ఇరవై రెండేళ్ళు మోసింది నేను ఒక్క పూట కూడా మొయ్యలేదు. దానికి ఏం రాయాలో నాకు చేతకావడం లేదు.

ఇంక నీ తప్పు గురించి. నమూనా నీకు రాకముందే సతీష్‌బాబు నాకు చూపించాడు. "వెనక నంబర్లు వెయ్యాలండి, ఫొటో కొంచెం తగ్గిద్దామా?" అని అడిగాడు కూడా. అప్పటికి అందులో నంబరు ఉంది. "నంబర్లు ఎవడికయ్యా, తీసేసి ఫొటో పెద్దది చెయ్యి" అన్నాను. గ్రౌండులో రిఫరీ నంబరు మాట ఎత్తగానే నాకు అర్థమయింది. అందుకే అంత అరిచాను. ఆ పిల్ల మీద అరిస్తే నా వంక ఎవరూ చూడరని. కాబట్టి నువ్వు మోసేది దించెయ్యి, అది నాది.

వెంకటరత్నం గారికి పొద్దున్నే కబురు చేశాను, గది కట్టించడం లేదని. మూడేళ్ళ ఖర్చు నేను చూస్తాను. పిల్లలను చేర్చుకునేటప్పుడు ఇన్నాళ్ళూ ఎవరూ పిలవని ఇళ్ళకు ముందు వెళ్ళమని హరిచరణ్ గారికి చెప్పు, ఆ సంగతి ఆయనకే బాగా తెలుసు. మిరపకోతలకు వెళ్ళేవాళ్ళ ఇళ్ళకు అవసరమైతే నేను వచ్చి మాట్లాడతాను. గుడ్ల సంగతి నీ ఇష్టం, నాకు చెప్పొద్దు. కొత్త చొక్కాలకు సతీష్‌బాబుతో మాట్లాడాను. వెనక పెద్ద నంబరు, దాని పైన ఎవరి పేరు వాళ్ళదే. వాళ్ళు ఎలా పిలిపించుకుంటారో అలా పదహారు పేర్లు రాసి రేపు పొద్దున రత్నబాబుకు ఇవ్వు. టోర్నమెంటుకు ఇచ్చే జాబితా కూడా రేపే ఇచ్చేయండి, ఆఖరి రోజు. కెప్టెన్‌ను మార్చొద్దు. మీ అమ్మ పేరు వద్దనుకున్నాను. మళ్ళీ, చేతి మీద చిన్నగా వాసవాంబ అని ఉంటే బాగుంటుందనిపించింది. కీర్తిశేషులు అక్కర్లేదు. పిల్లలను అడుగు, వద్దంటే మానేద్దాం.

ఇంక ఆ పిల్ల అడిగినదానికి జవాబు. పొద్దుటి నుంచి అదే ఆలోచిస్తున్నాను. కబడ్డీ ఆడేదనో, నీలాగ పరుగులో ఫస్టు వచ్చేదనో చెప్పేస్తే ఆ పిల్లలు సంతోషిస్తారు, నా పరువూ నిలుస్తుంది, కాదనేవాళ్ళు కూడా ఎవరూ లేరు. ఒకటి రెండుసార్లు గట్టిగా అని చూసుకున్నాను కూడా. మీ అమ్మ గురించి నాకు తెలియనిది నేనే కల్పించి చెప్పడానికి నోరు రాలేదు. అందుకని వచ్చే ఆదివారం ప్రాక్టీసుకు నేనే వస్తాను. నలభై ఏళ్ళకు పైగా కాపురం చేశానమ్మా, ఆమె ఏం ఆడేదో నాకు తెలియదు, ఒక్కసారి కూడా అడగలేదు అని ఆ పిల్లకు చెబుతాను. అందరి ముందే చెబుతాను. అరిచింది అందరి ముందే కదా.

మీ నాన్న,
చెన్నకేశవరావు